మంగళవారం పొర

భీమాలి సంఘం గదిలో
బల్ల మీద నాలుగు సీసాలు వరసగా పెట్టింది
హేమసుందరి మేడం.
విజయనగరం నుంచి మంగళవారం తొలి బస్సులో
ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట, ఒక్కటీ పగలకుండా.

"ఇది జామ్. పండు గుజ్జంతా ఇందులోనే ఉంటుంది.
ఇది జెల్లీ. ఒట్టి రసం.
సీసా వెనక వేలు పెడితే వేలు కనబడాలి."
పెట్టి చూపించింది.
ఎర్రటి జామపండు రసం వెనక
ఆవిడ ఉంగరం
తెర చాటు దీపంలా వెలిగింది.
నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను.
మా అత్త సన్యాసమ్మకి రాయడం రాదు,
మూత తీసి వాసన చూసుకుంది.

"రసాన్ని గుడ్డలో కట్టి వేలాడదీయాలి.
దానంతటది చుక్క చుక్కగా దిగాలి.
తొందరపడి పిండారో, మసకబారిపోతుంది."
"అయితే మేం జెల్లీకి పనికిరాం తల్లీ,
మమ్మల్నెప్పుడో పిండేసినారు" అంది అత్త.
గదంతా నవ్వింది.
మేడం కూడా, కాస్త ఆలస్యంగా.

మూడో సీసాలో నారింజ తొక్కలు,
సన్నగా తరిగినవి, పాకంలో ఈదుతూ.
మార్మలేడ్ అంటారట.
చేదుండాలట, ఉండటమే దాని గొప్పట.
చెంచా కొసతో తలో కాస్త నాకించింది.
పైడితల్లి మొహం చిట్లించుకుంది.
అత్త మాత్రం రెండోసారి చెయ్యి చాపింది.
"తొక్కని కూడా పారెయ్యనేదంటే
ఇది కనిపెట్టినోడెవడో కరువెరిగినోడే."

నాలుగోది మురబ్బా.
ఉసిరికాయలు కాయకి కాయగానే,
ఒళ్లంతా సూదులతో పొడిపించుకుని
తీపి లోపలికి తాగి
ఏమీ జరగనట్టు గుండ్రంగా కూర్చున్నాయి.
చూడగానే మా చిన్నాడపడుచు గుర్తొచ్చింది.
ఎందుకో రాయను.

"మరి తాండ్రనేటంటారు మేడం?"
మేడం పుస్తకం తిరగేసింది.
ఇంగ్లీషులో ఏదో పేరుంది,
పండు తోలు అని అర్థమట.
అత్త లేచి నిలబడింది.
"తోలు గేదెకుంటాది గానీ పండుకేటమ్మా!"

ఇక అత్త చెప్పడం, మేడం రాసుకోవడం.
పొయ్యి నేదు, పొగ నేదు.
తాటాకు చాప, కోలంగోవ రసం, పంచదార.
ఇయ్యాళొక పొర. అది ఆరాలి. రేపొక పొర.
ఎండెక్కువైతే బీటలు, తక్కువైతే పులుపు.
నెల తిరిగితే గానీ బొటనవేలి మందం రాదు.
"మీ సీసాలో సరుకు గంటలో ఉడికింది గదా,
మాదైతే..."

మాట పూర్తి కాలేదు.
బల్ల మీది జెల్లీ సీసా ఆరిపోయింది.
లోపలి ఎరుపు నల్లబడిపోయింది ఒక్కసారిగా.
అప్పుడు చూశాం కిటికీ వైపు.

బయట పద్దెనిమిది చాపలు.

బల్లలు పడ్డాయి, పెన్నులు పడ్డాయి.
మేడం చెప్పులొదిలేసి ఒక చాప కొస పట్టుకుంది.
"మడతెట్టకమ్మా, అంటుకుపోద్ది!
నిద్దరోతున్న గుంటని ఎత్తినట్టెత్తు!"
పదిహేడు పొడిగానే లోపలికొచ్చాయి.
పద్దెనిమిదోది గుమ్మంలో ఇరుక్కుని
పట్టుమని పది చినుకులు తాగింది.

మేడం మోచేతి దాకా పసుపు రసం.
చెంబుతో నీళ్లు తెచ్చేసరికి
అటు తిరిగి, ఎవరూ చూడటం లేదనుకుని,
మణికట్టు నాకుతోంది.

శుక్రవారం పరీక్ష.
జామ్‌కీ జెల్లీకీ గల భేదములు వ్రాయుము.
రాశాను. పదికి ఎనిమిది.
సర్టిఫికెట్టు ఇచ్చారు,
మేకు దొరక్క పంచదార డబ్బా కింద దాచాను.

జూన్‌లో తాండ్ర కోశాం.
ఆ పద్దెనిమిదో చాప ముక్క అంచున,
కింది నుంచి పదకొండో పొర దగ్గర,
వెంట్రుకంత గీత, పాలిపోయి.
చినుకుల గుంటల్ని పై పొరలు నింపాయి గానీ
దాచలేకపోయాయి.

కోట నుంచి వచ్చిన షావుకారు
గోటితో దాని వెంబడే గీసి
"ఇదేటి?" అన్నాడు.
"మంగళవారం" అంది అత్త.

కిలోకి నాలుగు రూపాయలు తగ్గించాడు.